దస్తావేజులో మూడక్షరాలు

పిన్నమ్మ పోయిందన్న కబురు నాకు మధ్యాహ్నం మూడింటప్పుడు, బండి కడుగుతుండగా తెలిసింది. దోహాలో అల్ సద్ వైపు నేను డ్రైవరుగా ఉన్న ఇంట్లో ఫోను హాలులో ఉంటుంది. మాలాంటివాళ్ళకి ఇండియా నుంచి ఫోను వచ్చిందంటే ఎవరో పోయినట్టు, లేకపోతే పోయే స్థితిలో ఉన్నట్టు. అందుకే మామా కిటికీ తెరిచి "యల్లా, హింద్ నుంచి తెలిఫోన్!" అని కేకవేయగానే నా చేతిలోని నీళ్ళ పైపు జారిపోయింది. ఇంటి యజమానురాలిని ఇక్కడ పనివాళ్ళం మామా అంటాం, యజమానిని బాబా అంటాం. మా అమ్మకేమైనా అయిందేమో అనుకున్నాను. నా భార్యకేమో, పిల్లలకేమో అనుకున్నాను. హాలు గుమ్మం దాకా నడిచిన ఆ ఇరవై అడుగుల్లో మా ఇంట్లో ఒక్కొక్కరినీ చంపుకుని మళ్ళీ బతికించుకున్నాను.

అవతల మాట్లాడింది కోనసీమ నుంచి పిన్నమ్మ మేనకోడలు. ఫోను బూతులో మీటరు చూసుకుంటూ మాట్లాడుతోందని గొంతులోని తొందరే చెబుతోంది.

"అన్నయ్యా, మా అత్త పోయిందండి. నిన్న పొద్దున్న. పాలు కాసింది, పొయ్యి ఆర్పింది, గుమ్మంలో కూర్చుంది. అంతేనండి."

ఆ అమ్మాయే మళ్ళీ అంది: "కాగితాలు నా దగ్గరే ఉన్నాయండి. మీరు ముందు అదే అడుగుతారని అత్త ఎప్పుడో చెప్పింది."

లైను తెగిపోయింది. రిసీవరు పెట్టేశాను. సిగ్గేసింది. ఎందుకంటే ఆమె పోయిందని విన్న మరుక్షణం నాకు కలిగింది దుఃఖం కాదు, కాగితాలేమయ్యాయోనన్న భయమే. ఆ భయాన్ని నాకు అంటించింది కూడా పిన్నమ్మే. అది ఎలా అంటుకుందో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

మా ఇద్దరికీ చుట్టరికం లేదు. ఆమెది గోదావరి దగ్గర కొబ్బరితోటల ఊరు. నాది కడప జిల్లాలో వేరుశనగ పండే మెట్ట ఊరు. తొంభైల మొదట్లో నేను ఈ ఇంటికి వచ్చేనాటికి ఆమె ఇక్కడ వంటమనిషిగా ఆరేళ్ళ నుంచీ ఉంది. మొదటిరోజు "పిన్నమ్మా" అని పిలిస్తే, "మా వైపు పిన్ని అంటాం అబ్బాయ్. పోన్లే, చివర అమ్మ అని తగిలించేవు" అని నవ్వింది.

డ్రైవరు వంటింట్లోకి రాకూడదని ఆ ఇంటి నియమం. నా టీ గ్లాసు వెనక కిటికీ గట్టు మీద, సాసరు మూతతో సిద్ధంగా ఉండేది. ఆమె పెట్టే టీలో అల్లం ఘాటుకి కళ్ళు చెమర్చేవి. బాబా వాళ్ళకి మాంసమూ అన్నమూ కలిపి పెద్ద పెద్ద గిన్నెల్లో వండేది. మా ఇద్దరికి మాత్రం ఈ సముద్రపు చేపతోనే, చింతపండు పోసి, గోదావరి పులుసు కాచేది. "చేప అరబ్బుదైతేనేం, పులుసు మనదేగా" అనేది.

ఆమె అలవాటొకటి నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. ఎక్కడ కూర్చున్నా అంచునే కూర్చునేది. గోడకి జారగిలబడేది కాదు. వెనక మెట్ల మీద మేం తప్ప ఎవరూ లేనప్పుడు కూడా, ఏ క్షణానైనా లేవమంటారేమో అన్నట్టు ఉండేది. ఒకసారి అడిగితే చెప్పింది.

"మా తమ్ముడింట్లో పడిన అలవాటయ్యా. మా ఆయన రాజమండ్రిలో ఇంకో ఆవిడతో ఉండిపోయాడు. నేను పుట్టింటికొచ్చేశాను. వరండాలో కొబ్బరికాయల రాశి పక్కన నా చాప. చుట్టాలొస్తే చాప తియ్యాలి. కాయల బేరగాడొచ్చినా తియ్యాలి. పదకొండేళ్ళు తీసేను, వేసేను. మా వాళ్ళు అన్నం పెట్టలేదని అనను. పెట్టేరు. చోటు మనది కాకపోతే తిన్న అన్నం కూడా అప్పు తిన్నట్టే ఉంటాది."

ఆ చాపకో చోటు కోసమే ఆమె ఏజెంటు వెంట దోహా వచ్చింది. వచ్చినప్పటి నుంచీ జీతమంతా తమ్ముడికే పంపింది. ఆయన ప్రతి ఉత్తరంలోనూ ఒకే మాట రాసేవాడు: అక్కా, నీ పేరున అరెకరం కొబ్బరితోట చూస్తున్నాను, బేరం కుదరబోతోంది అని. ఆ ఉత్తరాలు చదివిపెట్టేది నేను. మామా మధ్యాహ్నం కునుకు తీసే వేళ, వెనక మెట్ల మీద. పిన్నమ్మకి చదువు రాదు. పాస్‌పోర్టు కోసమని ఏజెంటు నేర్పించిన సంతకం ఒక్కటే వచ్చు. తెలుగులో మూడక్షరాలు. పిండి కలిపిన పళ్ళెంలో కూడా వేలితో ఆ మూడక్షరాలే దిద్దుకునేది, మరిచిపోతానని భయం.

నేను వచ్చిన రెండో ఏడు చలికాలంలో ఒక లావుపాటి కవరు వచ్చింది. లోపల ఉత్తరం, దస్తావేజు జిరాక్సు. తోట కొన్నామక్కా, నీ కష్టం ఊరికే పోలేదు అని తమ్ముడు రాశాడు. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని, "అది చదువు ముందు, ఆ కాగితం" అంది.

చదివాను. అమ్మినాయన పేరుంది. హద్దులున్నాయి. తూర్పున పంట బోదె కాలువ, పడమర ఎవరిదో తోట. కొన్నవారి పేరు దగ్గర తమ్ముడి పేరుంది. మళ్ళీ చదివాను. రెండో పేజీ తిప్పాను. పిన్నమ్మ పేరు ఎక్కడా లేదు.

"ఏం అబ్బాయ్, నా పేరుందా?"

ఆ రోజు ఆమె మోకాళ్ళు వాచి ఉన్నాయి. రెండ్రోజులుగా ఇంట్లో విందులు, నిద్ర లేదు. నా మొహం వైపే చూస్తోంది.

"ఉండాది పిన్నమ్మా. నీ పేరే."

ఎందుకు అబద్ధమాడానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను. జాలి అని చెప్పుకోవచ్చు. జాలి ఉంది కూడా. కానీ అసలు సంగతి వేరే. అంతకు వారం ముందే నేనూ మా ఇంటికి ఒక జాబు రాసి పోస్టు చేశాను. నా భార్యకి వాళ్ళ నాన్న పెళ్ళిలో పసుపు కుంకుమ కింద రెండెకరాలు ఇచ్చాడు. ఒక ఎకరం మెట్ట చేను, ఒక ఎకరం బావి కింది కయ్య, అంటే తడి మడి. మా అన్న జీపు కొని మా ఊళ్ళ మధ్య తిప్పుదామంటున్నాడు. ఆ రెండూ అమ్మేద్దాం, జీపు మన అన్నదమ్ములిద్దరిదీ, నువ్వు పోయి సంతకాలు పెట్టు అని ఆమెకి రాశాను. అడగలేదు, పెట్టమని రాశాను. పిన్నమ్మ తమ్ముడు చేసింది తప్పని నా నోటితో అంటే, ఆ మాట ముందు నా మీదే పడుతుంది. అందుకే ఉందన్నాను.

ఆమె సంతోషం చూడలేకపోయాను. ఆ సాయంత్రమే రవ్వలడ్లు చుట్టింది. మామాకి ప్లేటు పట్టుకెళ్ళి, తనకొచ్చిన ముక్కల అరబ్బీలో, "మామా, అనా... అర్ద్, అర్ద్!" అని నేల వైపు చూపించి, గుండె మీద చెయ్యి పెట్టుకుంది. నాకు భూమి ఉందని. మామా నవ్వి "మబ్రూక్, మబ్రూక్" అని అభినందిస్తూ లడ్డు తీసుకుంది. కిటికీ గట్టు మీద నాకూ రెండు లడ్లు పెట్టింది. ఒకటి తిన్నాను. రెండోది కాగితంలో చుట్టి బండిలో పెట్టేశాను.

పది రోజులు గడిచాయి. ఆమె ఆ జిరాక్సు తలగడ కింద పెట్టుకుని రోజూ తీసి చూసుకునేది. ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గరికి పిలిచి కాగితం నా ముందు పరిచింది.

"నా పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించు."

నేను ఏదో ఒక వరుస మీద వేలు పెట్టాను.

ఆమె వంగి చూసింది. "నా మొదటి అక్షరానికి కింద కొక్కెం ఉంటాది. దీనికి లేదే."

"ఆఫీసు రాత పిన్నమ్మా. వాళ్ళు గొలుసుకట్టుగా రాస్తారు. అక్షరాలు అట్లనే మారిపోతాయి."

ఆమె కాగితం మడిచి లోపలికి తీసుకెళ్ళింది. ఆ పూట నేను బాబా పిల్లల్ని బడి నుంచి తీసుకురావడానికి బయల్దేరి, ఎర్రలైటు చూసుకోకుండా సగం దాకా వెళ్ళిపోయాను. పక్క బండివాడు హారన్ కొడితే గాని తెలియలేదు.

అప్పట్లో పక్క స్థలంలో కొత్త విల్లా కడుతున్నారు. అక్కడ పనిచేసే మేస్త్రీ ఒకాయన, నిజామాబాద్ వైపు మనిషి, చల్లటి నీళ్ళ కోసం మా వెనక గేటు దగ్గరికి వచ్చేవాడు. పిన్నమ్మని పెద్దమ్మా అనేవాడు. ఆ రోజు నేను బడి నుంచి పిల్లల్ని తెచ్చి దింపి వెనక్కి వచ్చేసరికి ఆయన గేటు దగ్గర నిలబడి, సిమెంటు అంటిన చేతులకి కాగితం తగలకుండా అంచుల్లో పట్టుకుని చదువుతున్నాడు. నన్ను చూసి కూడా ఆపలేదు.

"గిదేంది పెద్దమ్మా, గీన్ల నీ పేరు యాడ లేదు. కొన్నోని పేరు మొగాయనది రాసిండ్రు. తండ్రి పేరు గూడ ఉన్నది, సూడు." ఆ తండ్రి పేరు చదివాడు. అది పిన్నమ్మ తండ్రి పేరే.

"నీ తమ్ముడా?" అన్నాడు మెల్లగా.

ఆమె తలూపింది. కాగితం తీసుకుంది. నా వైపు చూడలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి ఉల్లిపాయలు తరిగే చప్పుడు వినిపించింది. మామూలు కంటే వేగంగా కూడా లేదు, నెమ్మదిగా కూడా లేదు. ఆ చప్పుడు వింటూ నిలబడటం కన్నా ఆమె నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత నాలుగు రోజులు కిటికీ గట్టు మీద నా గ్లాసు లేదు.

ఐదో రోజు పిలిచింది. "కాగితం, కలం పట్రా."

తమ్ముడికి రాయిస్తుందనుకున్నాను. మేస్త్రీ కూడా ఉన్నాడు, గేటు పక్కన చెప్పులు విడిచి కూర్చుని. ముందు ఆమె ఒక్కటే అడిగింది. "ఎందుకు అబద్ధమాడేవు అబ్బాయ్?"

ఇక దాచలేకపోయాను. "నేను కూడా మా ఇంటికి అట్లనే రాసినా పిన్నమ్మా. మా ఆడమనిషి పేరు మీదుండే పొలం అమ్మమని. నీకు నిజం చెప్పేదానికి నాకు నోరు రాలేదు." రెండెకరాల సంగతీ జీపు సంగతీ అంతా చెప్పేశాను.

ఆమె మోకాళ్ళు రుద్దుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత, "అయితే మీ ఆవిడకే రాత్తాను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. తర్వాత ఈయన చదివి వినిపిస్తాడు" అంది.

ఇరవై నిమిషాలు పట్టింది. ఆమె చెప్పింది నాకు నేటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"అమ్మాయ్, నేనెవరో నీకు తెలీదు. మీ ఆయన పనిచేసే ఇంట్లో వంట చేసేదాన్ని. మీ నాన్న నీకిచ్చిన పొలం అమ్మమని మీ ఆయన రాశాడంట. నువ్వు సంతకం పెట్టకు. మీ ఆయన చెడ్డోడు కాదు. మంచోడే. మంచోళ్ళు అడిగినప్పుడే జాగ్రత్తగా ఉండాలి తల్లీ, చెడ్డోళ్ళు అడిగితే ఎలాగూ పెట్టం కదా. నా తమ్ముడు కూడా మంచోడే. నాకు జొరం వస్తే భుజాన వేసుకుని ఆసుపత్రికి మోసుకెళ్ళిన పిల్లాడు. నా ఎనిమిదేళ్ళ కష్టం వాడి పేరున రాయించుకున్నాడు. మోసం అనుకుని చేసి ఉండడు. అక్క పేరున ఎందుకులే, మనింట్లో మనిషేగా అనుకుని ఉంటాడు. నువ్వూ వాళ్ళింట్లో మనిషివే. అందుకే చెప్తన్నాను."

కలం రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ ఆమె, "రాసేవా?" అంది.

మేస్త్రీ అంతా చదివి వినిపించాడు. "రాసిండు పెద్దమ్మా. నువ్వు చెప్పినట్టే, ఒక్క మాట తప్పలేదు." పోస్టు చేయడానికి ఆమె ఉత్తరం ఆయనకే ఇస్తుందనుకున్నాను. నా చేతిలోనే పెట్టింది.

ఆ ఉత్తరాన్ని రెండు రోజులు బండి డ్యాష్‌బోర్డులో తిప్పాను. మా అన్న అప్పటికే జీపుకి మాట ఇచ్చి ఉంటాడు. మా అమ్మ ఏమంటుంది? పెళ్ళాం మాట కాదు, ఎవరో వంటామె మాట విని అన్న పరువు తీశాడంటారు. పోస్టాఫీసు ముందు నుంచి నాలుగుసార్లు వెళ్ళాను. బండి ఆపలేదు.

మూడో రోజు మామాని మార్కెట్టు నుంచి తెచ్చి సరుకులు దింపుతున్నాను. వంటింటి తలుపు తెరిచే ఉంది. మామా సరదాగా, "వేన్ అర్ద్? ఫోటో?" అంది. నీ భూమి ఏదీ, ఫోటో ఏదీ అని. పిన్నమ్మ చేతిలో గరిటె అలాగే పట్టుకుని, నవ్వు మొహం పెట్టుకుని, "మాఫీ, మామా. అర్ద్ మాఫీ" అంది. లేదు, భూమి లేదు అని. మామాకి అర్థం కాలేదు. మొన్న ఉందన్నది ఇవాళ ఎలా లేకుండా పోతుంది? మళ్ళీ అడిగింది. పిన్నమ్మ మళ్ళీ చెప్పింది. "మాఫీ."

సరుకుల సంచి కింద పెట్టేసి, తిన్నగా వెళ్ళి ఉత్తరం పోస్టు చేసి వచ్చాను.

అప్పుడు మొదలైంది అసలు భయం. సంతకం పెట్టమన్న జాబు వెళ్ళి మూడు వారాలు దాటింది. వద్దన్న జాబు ఇవాళ బయల్దేరింది. ఏది ముందు చేరుతుందో తెలుసు. నా భార్య ఈపాటికే రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి ఉంటుందా అన్నదే తెలియదు. శుక్రవారం ముషైరిబ్ బజారులోని టెలిఫోన్ ఆఫీసుకి వెళ్ళి, వరుసలో నిలబడి, మా మండలంలో ఉన్న ఒకే ఒక్క బూతుకి ఫోను చేశాను.

"మా ఇంటికి ఒక మాట చెప్పల్ల అన్నా. నా పెండ్లానికి. సంతకం పెట్టొద్దని చెప్పు."

"ఏం సంతకమబ్బా?"

"ఆమెకు తెలుసు."

"మీ అన్న ఈడనే ఉండాడు, టీ తాగుతా. ఆయప్పకిస్తా, ఉండు."

నేను ఫోను పెట్టేశాను. మా అన్న గొంతు వినే ధైర్యం నాకు లేకపోయింది. బయటికి వచ్చి ఎండలో నిలబడి, నేను చేసిన పని తలుచుకున్నాను. దూరాన ఉన్న ఆడమనిషికి ధైర్యంగా ఉండమని ఉత్తరం రాసిన చేతితోనే ఫోను పెట్టేశాను.

ఆ తర్వాత ఇరవై రోజులకు పైగా ఏ కబురూ లేదు. పిన్నమ్మ రోజూ అడిగేది. "వచ్చిందా?" లేదంటే, "రేపొత్తాది" అనేది. ఆమె కళ్ళ కింద నలుపు తిరిగింది. తన తోట పోయినందుకు ఏడవని మనిషి, ఎన్నడూ చూడని నా భార్య పొలం కోసం తిండి మానేసింది. ఒకరోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. బాబా కేకలేశాడు. నేను దారి తప్పి మామాని వేరే ఇంటికి తీసుకెళ్ళి తిట్లు తిన్నాను.

జాబు వచ్చింది. వెనక మెట్ల మీద, ఆమె పక్కన కూర్చుని విప్పాను. తొందరలో కవరు సగానికి చిరిగింది.

నా భార్య రాసింది కొద్దిగానే. "మీ మొదటి జాబు చూసి మెట్ట చేనుకు సంతకం పెట్టినాను. కయ్యకు వారం తర్వాత పోదామన్నాడు బావ. ఈ లోపల రెండో జాబు వచ్చింది. అందుకని రెండో సంతకం పెట్టలేదు. అందరూ ఆ జాబు చూపించమన్నారు. చూపించినాను. రాత మీదే కదా, ఏమీ అనలేకపోయినారు. బావ ఇంట్లో అన్నం తినలేదు. మీరు ఫోను చేసి పెట్టేసినారని తెలిసింది. భయపడొద్దండి. ఆ పెద్దామెకు నా దండాలు చెప్పండి. ఆమె తోట ఆమెకు వస్తుందా? మీరు రాయలేదు."

పిన్నమ్మ మొదట, "సగం మిగిలింది" అంది. తర్వాత కొంగుతో మొహం కప్పుకుని మొదటిసారి ఏడ్చింది. ఎంతసేపో. మామా లేచి పిలిచేదాకా.

ఆస్తి ఉంటే ఆడమనిషి జీవితం బాగుపడిపోతుందని నేను పెద్ద మాటలు చెప్పలేను. కయ్య మిగిలినందుకు నా భార్య ఏడాదిపాటు ఆ ఇంట్లో మాటలు పడింది. మా అన్న ఆమెతో మాట్లాడలేదు. పొలం ఉందని ఆమెకి భయం పోలేదు. ఆ భయం వేరే రకంగా మారింది, అంతే. కానీ మరుసటి ఏడు మా బాబా వైద్యానికి విదేశం వెళ్ళి నాలుగు నెలలు మాకెవరికీ జీతాలు రాలేదు. అప్పుడు మా పిల్లలు తిన్నది ఆ బావి కింద పండిన కూరగాయలమ్మిన డబ్బుతోనే. మా అమ్మ అంతకు ముందు కోడలిని "ఏమే" అని పిలిచేది. ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తుంది. ఏదైనా కొనాలంటే, అమ్మాలంటే ముందు ఆమెని అడుగుతారు. ఆమె వద్దంటే వద్దనే. నేను సెలవుకి వెళ్ళినప్పుడు చూశాను.

పిన్నమ్మ తమ్ముడికి ఒక్క నిష్ఠూరం కూడా రాయించలేదు. తోట తిరిగి రాయమని మాత్రం ఒకసారి అడిగింది. "నీదీ నాదీ ఏంటక్కా" అని జవాబొచ్చింది. ఆ తర్వాత జీతం పంపడం ఆపేసింది. నేనే వెళ్ళి, నా చేత్తోనే కొనుక్కుంటాను అంది. పాస్‌పోర్టు బాబా దగ్గర ఉంది. వెళ్తే తిరిగి రాదేమోనని మామాకి అనుమానం. పండగ తర్వాత అన్నారు, విందుల తర్వాత అన్నారు, పిల్లల పరీక్షల తర్వాత అన్నారు. ప్రతిసారీ సరేనని వచ్చి, వెనక మెట్ల మీద కూర్చుని, "ఇడుత్తారంటావా అబ్బాయ్?" అని అడిగేది. వదులుతారని నాకు తెలియదు. వదులుతారులే అనేవాణ్ణి. మళ్ళీ అబద్ధమాడుతున్నానేమోనని నాకే అనిపించేది. ఏడు నెలలకి వదిలారు, నలభై రోజులకని.

తిరిగొచ్చిన రోజు విమానాశ్రయం నుంచి నేనే తీసుకొచ్చాను. వెళ్ళేటప్పుడు చేతులకి ఉన్న రెండు బంగారు గాజులూ లేవు. ఇంటికొచ్చాక, గుడ్డలన్నా సర్దుకోకుండా, నడుముకి కట్టుకున్న పాలిథీన్ కవరు విప్పి నా ముందు పెట్టింది. ఊరి చివర మూడు సెంట్ల స్థలం. జిరాక్సు కాదు, అసలు దస్తావేజు. రిజిస్ట్రారు ముందు తనే కూర్చుని సంతకం పెట్టిందట.

"ఎక్కడుందో చూపించు."

చూపించాను. ఆమె వంగి, పెదాలు కదుపుతూ అక్షరం అక్షరం చూసుకుంది.

"ఇంకెక్కడైనా ఉందా?"

ఉంది. ఐదు చోట్ల ఉంది. ఐదు చోట్లా వేలు పెట్టించింది. చివర, "ఇంకోసారి చూడు, ఎక్కడన్నా తప్పు రాశారేమో" అంది. ఆ తర్వాత కూడా నెలకోసారి తెచ్చి చదివించేది. అక్షరాలు రాత్రికి రాత్రి మారిపోతాయేమోనన్నట్టు.

ఇల్లు లేచే దాకా ఇంకో మూడేళ్ళు పనిచేసింది. మోకాళ్ళు పూర్తిగా పోయాయి. వెళ్ళిపోయే రోజు మామా కూడా కంటతడి పెట్టుకుంది. ఆమె చేతి వంటకి అలవాటుపడిన పిల్లలు నెలరోజులు కొత్త వంటమనిషితో పేచీ పెట్టారు.

తను కట్టుకున్న ఇంట్లో ఆమె ఉన్నది రెండేళ్ళు కూడా నిండలేదు. తమ్ముడి కూతురిని మొగుడు వదిలేస్తే, ఆ పిల్ల కూడా వచ్చి అదే వరండాలో చాప వేసుకుందట. పిన్నమ్మ వెళ్ళి చాప చుట్టి చంకన పెట్టుకుని, "రా" అని తనింటికి తీసుకొచ్చేసింది. ఇల్లు ఆ పిల్ల పేరున వీలునామా రాసింది. నాకు ఫోను చేసింది ఆ అమ్మాయే. మోసం చేసినవాడి కూతురికా అని నేను ఉత్తరంలో అడిగితే, పిన్నమ్మ రాయించిన జవాబు: "వాడి కూతురికి కాదు అబ్బాయ్. చాపకి చోటు లేనిదానికి."

కిందటేడు సెలవులో, వానాకాలంలో, రేవు దాటి వాళ్ళ ఊరు వెళ్ళాను. రెండు గదుల రేకుల ఇల్లు. వాన పడుతూనే ఉంది. కూర్చోమనలేదు, టీ ఇవ్వలేదు. తల మీద గోనెసంచి కప్పుకుని, ఒకటి నాకిచ్చి, ముందు స్థలం చూద్దాం రమ్మంది. వద్దు పిన్నమ్మా, జారుతుంది అంటే వినలేదు. నా మోచెయ్యి పట్టుకుని, కుంటుకుంటూ, నాలుగు మూలలకీ తిప్పింది. పక్కవాళ్ళు కొత్త దడి కడుతున్నారట, జానెడు లోపలికి జరుపుతారేమోనని రోజూ పొద్దున్నే వచ్చి చూసుకుంటుందట. ఈశాన్యం మూల బురదలో హద్దురాయి కనపడక వంగి చేత్తో తడిమింది. దొరికింది. నేను నిలబడ్డ చోటు చూసి, "అక్కడ కాదు, ఇటు రా. అది వాళ్ళది" అని నా భుజం పట్టి ఇవతలకి లాగింది.

అవతల నీళ్ళు దడి కింద నుంచి పక్క దొడ్డిలోకి పారిపోతున్నాయి. ఇవతల నీళ్ళు మా పాదాల చుట్టూ నిలిచి, నెమ్మదిగా నేలలోకి ఇంకుతున్నాయి. ఆమె గోనెసంచి అంచుల నుంచి వాన కారుతుంటే, తన నేలలోకి ఇంకే నీళ్ళనే చూస్తూ నిలబడింది.